వైరస్‌లో ఏమేం తీసేశారు?

సభకు నమస్కారం. శ్రీకాకుళం విద్యార్థులకు జన్యు చికిత్స గురించి, అంటే రోగి కణాల్లోకి పనిచేసే జన్యువును పంపడం గురించి చెప్పమన్నారు. చికిత్స కన్నా, జన్యువును మోసుకెళ్లే వైరస్ గురించే ఎక్కువ చెబుతాను. ప్రాణాలు పోయింది అక్కడే.

కణంలోకి చొరబడటం వైరస్‌కు వెన్నతో పెట్టిన విద్య. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేయడం మీరు చూసే ఉంటారు. చేప పోయినా పళ్లు పనికొచ్చాయి. వైరస్‌తోనూ అదే ఉద్దేశం: చొరబడే నేర్పు ఉండాలి, పెరిగే శక్తి ఉండకూడదు.

అంత మాత్రం చాలదని 1999 సెప్టెంబరులో తెలిసింది. అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు జన్యువును మోసే అడినోవైరస్ ఎక్కించిన నాలుగు రోజులకే చనిపోయాడు. శరీర రక్షణ వ్యవస్థ ఆ వైరస్ మీద విరుచుకుపడి అవయవాలనే దెబ్బతీసింది.

తర్వాత పారిస్. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పసివాళ్లకు రెట్రోవైరస్‌తో జన్యువు అందించారు. పిల్లలు కోలుకున్నారు, అందరూ పండగ చేసుకున్నారు. 2002 నుంచి వారిలో కొందరికి లుకేమియా, అంటే రక్తక్యాన్సర్ బయటపడింది. రెట్రోవైరస్ మన డీఎన్ఏలో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. దాని రెండు కొసల్లో పక్క జన్యువులను రెచ్చగొట్టే ఎన్‌హాన్సర్ ఉంటుంది. ఈ పిల్లల్లో అది ఎల్ఎంఓ2 అనే క్యాన్సర్ జన్యువు పక్కన చేరింది.

దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు మహా ఇష్టం. తయారీలో ఒక్క కొసలోనే ఎన్‌హాన్సర్‌ను కత్తిరిస్తారు. కణంలో చేరాక వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకునేటప్పుడు ఆ కొసనే చూసి రెండు కొసలూ రాసుకుంటుంది. అంటే తన కోరలు తానే పీకేసుకుంటుంది! హెచ్‌ఐవీ నుంచి చేసిన లెంటీవైరస్ వాహకాల్లో (జన్యువును మోసే వైరస్‌నే వాహకం అంటారు; లెంటీవైరస్ కూడా రెట్రోవైరస్ జాతిదే) ఇంకో జాగ్రత్త కూడా ఉంది. దాని 9 జన్యువుల్లో తయారీకి మూడే వాడతారు, వాటినీ విడివిడి ముక్కలుగా ఉంచుతారు. రోగిలోకి వెళ్లేదానిలో ఆ మూడూ ఉండవు. ఏఏవీ అనే మరో వైరస్ చాలావరకు డీఎన్ఏలో అతుక్కోదు గానీ, మోతాదు పెరిగితే కాలేయానికి ముప్పు.

మరి సమస్య తీరిందా? లేదు. మెదడును దెబ్బతీసే అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అనే జబ్బుకు వాడిన స్కైసోనా అనే లెంటీవైరస్ చికిత్స ప్రయోగాల్లో 67 మంది పిల్లల్లో ఏడుగురికి రక్తక్యాన్సర్ వచ్చిందని 2024లో ప్రచురించారు. కొసల్లో ఎన్‌హాన్సర్ తీసేశారు, నిజమే. కానీ జన్యువును నడపడానికి మధ్యలో పెట్టిన ప్రమోటర్ అనే మీట ఎలుకల రెట్రోవైరస్ నుంచి తెచ్చినదే; అదీ పక్క జన్యువులను రెచ్చగొట్టగలదు. “సురక్షిత వాహకం” అని ఎవరైనా అంటే, లోపల ఏ ప్రమోటర్ ఉందని అడగండి.

మన మన్యం గిరిజనులను బాధించే సికిల్‌సెల్‌కు 2023 డిసెంబరులో అమెరికా లైఫ్‌జీనియా అనే లెంటీవైరస్ చికిత్సను అనుమతించింది. అందులో ఎర్ర రక్తకణాల వంశంలోనే పనిచేసే బీటా గ్లోబిన్ ప్రమోటర్ పెట్టారు. అయినా రక్తక్యాన్సర్ హెచ్చరిక తప్పలేదు. ధర 31 లక్షల డాలర్లు. మన దేశంలో వేలూరు సీఎంసీ వైద్యులు లెంటీవైరస్‌తోనే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా జబ్బు ఉన్న ఐదుగురికి చికిత్స చేసి, రక్తస్రావాలు ఆగాయని 2024లో ప్రకటించారు. కాబట్టి ఇది మనకు అందని ద్రాక్ష కాదు.

అయితే డీఎన్ఏలో అతుక్కునే వాహకం వాడితే రోగిని 15 ఏళ్లు గమనించాలన్నది అమెరికా నియమం. ఏటేటా రక్త పరీక్షలు, పాత నమూనాల భద్రత, వలస పోయినా రోగి జాడ, అన్నీ కావాలి. సీతంపేట కొండ మీది పిల్లకు రేపు ఈ చికిత్స అందితే, ఆ 15 ఏళ్ల పని చేసే ప్రయోగశాల ఏ ఊళ్లో ఉండాలి? ఆ లెక్క ఇప్పటి నుంచే వేయాలని నేనంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.