గుంపులో గోవింద కాని నాటకం

శ్రోతలకు నమస్కారం.

బడిలో వార్షికోత్సవ నాటకం అనగానే ముందుగా తేలాల్సింది కృష్ణుడు ఎవరు, దుర్యోధనుడు ఎవరు అన్నదే. గొంతు గట్టిగా ఉన్నవాడో, త్వరగా కంఠస్థం చేసేవాడో, ఒక్కోసారి ఊరి పెద్దల అబ్బాయో ఆ వేషాలు దక్కించుకుంటాడు. మిగిలినవాళ్ల చేతికి అట్టముక్కల ఈటెలిచ్చి భటులను చేస్తారు. రిహార్సల్సు జరిగినన్నాళ్లూ భటుడు నేర్చుకునేది కదలకుండా నిలబడటం. ఆ విద్య తొమ్మిదో తరగతి పిల్లలకు రోజూ ప్రార్థన సమయంలో అబ్బుతూనే ఉంది. దానికోసం నాటకం అక్కరలేదు.

హైస్కూల్లో నాటకం నేర్పాలంటే బృందంగానే నేర్పాలన్నది నా పక్షం. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరూ నాటకం మొత్తానికి బాధ్యులు కావాలి. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు విడిచిన చోట వాళ్లు అందుకోకపోతే కథ అక్కడే చతికిలబడుతుంది. చూసేవాళ్ల చూపు కథకుడి మీదే ఉన్నా, వంతలు చెవులు రిక్కించి ఉండబట్టే ఆయన ధైర్యంగా పాడగలుగుతాడు.

బృందం ఎంత పని చేయగలదో మరాఠీ నాటకం ‘ఘాశీరామ్ కొత్వాల్’ చూపించింది. విజయ్ టెండూల్కర్ రాయగా, జబ్బార్ పటేల్ దర్శకత్వంలో 1972లో పుణేలో ఆడారు. అందులో పేష్వాల కాలపు నగరాన్ని చూపించేది సెట్టింగులు కాదు, మనుషులే. నటులు వరుస కట్టి పాడుతూ ఊగితే అదే గోడ, అదే తెర. వరుస విడిపోతే వీధి. ఆ నాటకం పెద్దలది, పిల్లల చేత ఆడించమని చెప్పను. గోడ మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

పని ఆటలతో మొదలుపెట్టాలి. అమెరికాలో వయోలా స్పోలిన్ షికాగో పిల్లలతో పనిచేస్తూ ఇలాంటి ఆటలెన్నో కూర్చారు. 1963లో ఆమె పుస్తకం వచ్చాక అవి దేశదేశాల నాటక తరగతులకు చేరాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆడించే ఆట ఒకటి చెబుతాను. పిల్లలందరూ గుండ్రంగా నిలబడి ఒకటి నుంచి ఇరవై వరకు లెక్కపెట్టాలి. ఎవరి తర్వాత ఎవరో ముందుగా అనుకోకూడదు, సైగలు చేసుకోకూడదు. ఇద్దరి నోట ఒకే అంకె ఒకేసారి వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. మొదట్లో ఐదు దాటితే గొప్ప. అందరికీ తామే చెప్పాలన్న ఆత్రం. కాసేపటికి ఆత్రం తగ్గి, పక్కవాళ్ల ఊపిరి వినడం మొదలవుతుంది. ఉపాధ్యాయుడు బల్ల గుద్ది అరిచినా రాని నిశ్శబ్దం అప్పుడు వస్తుంది.

ఆ తర్వాత ఒక పడవ కట్టించండి. గోదావరి దాటే పడవ అనుకుందాం. ఎనిమిది మంది రెండు వరుసలుగా నిలబడితే పడవ. ఒకరు తెడ్డు వేస్తారు. నలుగురు ప్రయాణికులు. మిగిలినవాళ్లంతా నది. నీళ్ల చప్పుడు, గాలి, ఒడ్డున కేకలు అన్నీ వాళ్ల గొంతుల్లోంచే రావాలి. అల ఎడమ నుంచి వచ్చి, ప్రయాణికులు తలా ఒక దిక్కుకు ఒరిగితే చూసేవాళ్లు పకపకా నవ్వుతారు. అందరూ ఒకేసారి ఒకే వైపు ఒరిగారా, నీటిచుక్క లేకపోయినా ముందు వరుసలో కూర్చున్నవాళ్లు కాళ్లు వెనక్కు తీసుకుంటారు. ఆ ఒరగడం ఎప్పుడో ఎవరూ చెప్పరు. నదిని చూస్తూ పట్టుకోవాలి. నదిగా ఉన్న పిల్లలు పడవ బరువును గమనిస్తూ లేవాలి. ఈ ఒక్క దృశ్యం మీద వారం గడిపినా దండగ కాదు.

ప్రమాదం లేకపోలేదు. బృందం అనగానే గుంపులో గోవింద కొట్టేవాళ్లు బయలుదేరతారు. పదిమంది అరుస్తుంటే పెదవులు కదిపి తప్పించుకోవచ్చు కదా! అందుకే జనంలో నిలబడిన ప్రతివాడికీ ఒక పేరు, ఒక ఊరు, రేవుకు వచ్చిన పని ఉండాలి. సంచిలో ఏముందని అడిగితే తడుముకోకుండా చెప్పాలి. బాగా నటించగల పిల్లలకు వేరే కష్టం. తమ మెరుపు తగ్గిపోతోందని ముఖం ముడుచుకుంటారు. వాళ్లకు ఏకపాత్రాభినయం పోటీలు ఎలాగూ ఉన్నాయి.

మన పద్యనాటకాల్లో ఒకే కృష్ణ వేషాన్ని ఇద్దరు ముగ్గురు నటులు రంగానికి ఒకరు చొప్పున వేయడం మామూలే. పింఛం కనిపిస్తే చాలు, ప్రేక్షకులు తికమకపడరు. పేరున్న గాయకులందరి పద్యాలూ వినాలన్న సరదా ఆ పద్ధతిని నిలబెట్టింది. బడిలో అదే పద్ధతిని మరో లెక్కన వాడుకోవచ్చు. రాజుకు గుర్తుగా ఒక కండువా పెట్టండి. అది ఎవరి భుజం మీదికి వెళితే వాళ్లే రాజు, అమ్మాయి అయినా సరే. దించినవాళ్లు వెళ్లి గోడలో నిలబడతారు. అప్పుడు అందరూ అన్ని మాటలూ నేర్చుకోక తప్పదు.

దీనివల్ల పెద్ద సౌకర్యం ఉంది. ప్రదర్శన రోజు ఎవరికైనా జ్వరం వచ్చినా నాటకం ఆగదు. జ్వరం వచ్చిన పిల్లవాడు మాత్రం తన లోటు కనిపించలేదని కొంచెం అలుగుతాడు. మర్నాడు కండువా అతని భుజం మీద వేసి రిహార్సల్ మొదలుపెట్టండి.

నమస్కారం.