దుంపల చేలో పుట్టిన రైలు

నమస్కారం. మీది నల్లరేగడి ఊరైతే ఈ కథ మీకు సగం తెలిసినట్టే. వాన వెలిసిన మర్నాడు బండి చేలోకి దింపితే ఏమవుతుంది? ఇరుసు దాకా దిగబడుతుంది.

1875లో పారిస్ దగ్గర పెటీ-బూర్‌లో పోల్ దెకోవీల్‌కు వచ్చిన కష్టం అదే. వందల ఎకరాల ఆసామి. చక్కెర దుంప పంట చేతికొచ్చింది, వానలు పట్టుకున్నాయి. బండి కదలదు. దుంప చేలోనే కుళ్లేట్టుంది. ఆయనకు సొంత వర్క్‌షాపు ఒకటి ఉండేది. అందులో రెండు సన్న పట్టాలు 40 సెంటీమీటర్ల ఎడంతో పెట్టి, అడ్డంగా ఇనుప పట్టీలు బిగించేశాడు. చూడ్డానికి అచ్చం నిచ్చెన. కంకర పరచక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. కూలీలు మోసుకెళ్లి బురద మీద పరిచారు. పైన చిన్న బండి, అందులో దుంపలు, వెనక నుంచి తోపు. ఆ పొలం చెక్క అయిపోయిందా, నిచ్చెన ఎత్తు, పక్క చెక్కలో పరువు. ఎత్తు, పరువు, తొయ్యి. అంతే! పంట ఇల్లు చేరింది.

నాకైతే ఇంజన్ల కన్నా ఈ నిచ్చెనే ముద్దు. రైలుమార్గమంటే ఒకచోట పాతుకుపోయేదనుకునే రోజుల్లో దాన్ని భుజాన వేసుకుని నడిచారు.

తర్వాత వ్యవసాయం పక్కకుపోయి ఈ పట్టాల తయారీయే అసలు పనైంది. గనులు కొన్నాయి, తోటలు కొన్నాయి, ఫ్రెంచి సైన్యమూ ఈ తరహా పట్టాలకే మొగ్గింది. వేల్స్‌లో రెండడుగుల ఎడం పట్టాల మీద నడిచే రైలు చూసొచ్చాక దెకోవీల్ మనుషుల్ని ఎక్కించుకునే బళ్లకు పట్టాల మధ్య 60 సెంటీమీటర్ల ఎడం ఖాయం చేశాడు. మనం చిన్నబండి అనుకునే మీటర్ గేజ్ కన్నా 40 సెంటీమీటర్లు తక్కువ!

1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో, అదే ఐఫెల్ టవర్ కొత్తగా నిలబడ్డ ఏడు, ఈ బుల్లి రైలు మూడు కిలోమీటర్ల దారిలో తిరిగింది. ఆరు నెలల్లో 60 లక్షల మందికి పైగా ఎక్కారు. పక్కనే చెట్లు, పెట్టెలకేమో గోడల్లేవు. అందుకని తల, కాళ్లు బయట పెట్టొద్దని రకరకాల భాషల్లో పోస్టర్లు అంటించారు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకెళ్లిన నాకు ఆ పోస్టరు చూడాలని భలే కోరిక.

ఆ ఊపులోనే నార్మండీలోని కాల్వడోస్ జిల్లాలో సముద్రం ఒడ్డునే పట్టాలు పడ్డాయి, స్నానాలకొచ్చే జనం ఈ బళ్లెక్కారు. ఆసామి పేరే వస్తువు పేరైపోయింది. టర్కీలో ఇలాంటి సన్న రైలును ‘దెకోవీల్’ అనే అంటారు.