కోబాల్‌లో రెండు ఫీల్డ్‌లూ ఒకేలా ఉన్నా ఇఫ్ ఎందుకు ఫెయిలవుతుంది? | డాలస్ నైట్ సపోర్ట్ వ్లాగ్

నమస్తే అండి. డాలస్‌లో ఇప్పుడు రాత్రి 8:30, హైదరాబాద్‌లో పొద్దున 7. ఇక్కడ రైస్ కుక్కర్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ తెరిచే వేళ. అటు టీమ్, ఇటు టీమ్ కలిసి దొరికేది ఈ ఒక్క గంటే. పెద్ద కంపెనీల కోబాల్ ప్రోగ్రామ్‌లు నడిచే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల సపోర్ట్‌లో ఉన్న మనవాళ్ళకి ఈ గంటలో తరచూ వచ్చే ఫోన్: "అన్నా, రెండు ఫీల్డ్‌లూ ఒకటే కనిపిస్తున్నాయి, ఇఫ్ మాత్రం ఫాల్స్ అవుతోంది."

ముందే లాజిక్ మీద చెయ్యి వెయ్యకండి. ఏళ్ళ తరబడి నడిచిన ఇఫ్ ఒక్క రాత్రిలో చెడిపోదు. డేటా అయినా మారి ఉంటుంది, కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) అయినా మారి ఉంటుంది. ఫెయిలైన రికార్డ్ ఒక్కటే సార్ట్ స్టెప్‌లో ఇన్‌క్లూడ్ కండిషన్ పెట్టి వేరే డేటాసెట్‌లోకి తీసుకోండి. కోడ్‌లో విలువలు ప్రింట్ చేసే డిస్‌ప్లేలు పెట్టి మళ్ళీ మళ్ళీ రన్ చెయ్యడం కన్నా ఇది త్వరగా తేలుతుంది.

ఇదిగో స్క్రీన్. ఇవి టెస్ట్ కోసం తయారుచేసిన రెండు రికార్డ్‌లు, క్లయింట్ డేటా కాదు. మెయిన్‌ఫ్రేమ్ ఎడిటర్ ఐఎస్‌పీఎఫ్‌లో ఫైల్ తెరిచి కమాండ్ లైన్‌లో హెక్స్ ఆన్ కొట్టండి. ప్రతి అక్షరం కింద దాని హెక్స్ కోడ్‌లోని రెండు అంకెలు రెండు వరుసల్లో వస్తాయి. ఐదు బైట్ల ఫీల్డ్‌లో 'హెచ్‌ వై డి' ఉంది. మొదటి రికార్డ్‌లో పై వరుస సి ఇ సి 4 4, కింది వరుస 8 8 4 0 0. రెండో రికార్డ్‌లో కింది వరుస అచ్చం అదే, పై వరుస మాత్రం సి ఇ సి 0 0. అంటే ఒకదాని చివర స్పేస్‌లు, హెక్స్ 40. రెండోదాని చివర లో-వాల్యూస్, హెక్స్ 00. ఇఫ్‌లో 'హెచ్‌ వై డి' అని నేరుగా రాసిన పొట్టి లిటరల్‌ని కోబాల్ కుడివైపు స్పేస్‌లతో నింపి పోలుస్తుంది, లో-వాల్యూస్‌తో కాదు. అందుకే రెండోది ఈక్వల్ అవ్వదు, పైగా చిన్నదిగా తేలుతుంది.

దీనికి చాలామంది రికార్డ్ మొత్తం మీద ఇన్‌స్పెక్ట్ రిప్లేసింగ్ పెట్టి లో-వాల్యూస్‌ని స్పేస్‌లు చేసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అదే రికార్డ్‌లో పిక్ ఎస్9(5) కాంప్-3 అమౌంట్, అంటే బైట్‌కి రెండు అంకెల చొప్పున ప్యాక్ చేసిన ఐదంకెల నంబర్ ఉందనుకోండి. 5 డాలర్లు మూడు బైట్లలో 00 00 5సి గా ఉంటుంది. మీ ఇన్‌స్పెక్ట్ దాన్ని 40 40 5సి చేస్తుంది. అంటే 40405 డాలర్లు! అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం) కూడా రాదు, ఎందుకంటే అది చెల్లుబాటయ్యే ప్యాక్డ్ నంబరే. పిక్ ఎక్స్ (అక్షరాల) ఫీల్డ్‌లకి విడివిడిగా మాత్రమే పెట్టండి.

కంపైలర్ మార్పు దగ్గర వచ్చేది వేరే చిక్కు. కోబాల్ 4 నుంచి 6కి మారిన కంపెనీల్లో ఇది బాగా ఏడిపిస్తుంది. పిక్ 9(5) డిస్‌ప్లే ఫీల్డ్‌లో (అంకెకో బైట్ ఉండేది) స్పేస్‌లు వచ్చాయి, ప్రోగ్రామ్ దాన్ని జీరోతో పోలుస్తోంది. పాత కంపైలర్ ప్యాక్ చేసి పోల్చేది. ప్యాక్ చేస్తే జోన్ బిట్లు (బైట్‌లో పై సగం) రాలిపోయి స్పేస్‌లు కాస్తా సున్నాలయ్యేవి, ఇఫ్ ట్రూ అయ్యేది. కొత్తదానిలో జోన్‌డేటా అనే కంపైలర్ ఆప్షన్ డిఫాల్ట్ పీఎఫ్‌డీ. డేటా శుభ్రంగా ఉందని నమ్మి నేరుగా అక్షరాల్లాగా పోల్చే కోడ్ రావచ్చు. అప్పుడు స్పేస్ అయిన 40కి, సున్నా అయిన ఎఫ్0కి పొత్తు కుదరదు. జోన్‌డేటా మిగ్ పెడితే పాత ప్రవర్తన వస్తుంది, కానీ అది గడువు కొనుక్కోవడమే. పోల్చే ముందు ఇఫ్ న్యూమరిక్ చెక్ పెట్టడమే సరైన మందు. టెస్ట్‌లో నమ్‌చెక్ ఆప్షన్‌తో కంపైల్ చేసి రన్ చేస్తే ఇలాంటి ఫీల్డ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో మెసేజ్‌లు చెప్తాయి. ప్రొడక్షన్‌లో మాత్రం ఉంచకండి, సీపీయూ తింటుంది.

కాంప్-3లో గుర్తు చివరి అర బైట్‌లో ఉంటుంది: సి ప్లస్, డి మైనస్, ఎఫ్ అంటే గుర్తు లేనిది. 5సి, 5ఎఫ్ రెండూ ఐదే. ఫీల్డ్ పేరుతో పోలిస్తే ఈక్వల్, ఆ ఫీల్డ్ ఉన్న గ్రూప్ పేరుతో పోలిస్తే కాదు. గ్రూప్‌ని కోబాల్ బైట్‌కి బైట్ చూస్తుంది మరి.

కోడ్‌లో ఒక్కటి మాత్రం చూసుకోండి: "స్టేటస్ నాట్ ఈక్వల్ 'ఎ' ఆర్ 'బి'". ఇది ఎప్పుడూ ట్రూనే. అక్కడ ఆండ్ ఉండాలి.

ఫైల్ మెయిన్‌ఫ్రేమ్ దాటి లినక్స్‌కి వెళ్తుంటే వరుస కూడా తిరగబడుతుంది. మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్ ఎబ్సిడిక్‌లో అక్షరాల తర్వాత అంకెలు, లినక్స్ వాడే ఆస్కీలో అంకెలే ముందు. మాస్టర్, ట్రాన్సాక్షన్ ఫైళ్ళని జత కలిపే ప్రోగ్రామ్‌లో కీలో అక్షరాలూ అంకెలూ రెండూ ఉంటే మ్యాచ్‌లు తప్పిపోతాయి. ప్రోగ్రామ్ నడిచే చోటే రెండు ఫైళ్ళనీ మళ్ళీ సార్ట్ చెయ్యండి.

ఇక అటువాళ్ళకి హ్యాండోవర్ మెయిల్. అందులో రికార్డ్ నంబర్, రెండు ఫీల్డ్‌ల హెక్స్, కాపీబుక్‌లోని (రికార్డ్ లేఅవుట్ రాసి ఉండే ఫైల్) పిక్ లైన్లు, కంపైల్ లిస్టింగ్ మొదట్లో ఉండే ఆప్షన్ల జాబితా పెట్టండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే అందులో స్పేస్ ఏదో, లో-వాల్యూ ఏదో కనపడదు.