ఇంటిదారి పట్టిన పులి

శ్రోతలకు నమస్కారం.

పాలగిన్నెలో మూతి పెడుతోందని విసిగిపోయి, పిల్లిని గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలేసి వచ్చినవాళ్లు మీలో ఉండే ఉంటారు. మా ఇంట్లోనూ ఓసారి ఆ పని చేశారు. మూడోనాడు పొద్దున్నే తలుపు తీస్తే గడప పక్కన కూర్చుని ఒళ్లు నాక్కుంటోంది! ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పెద్దపులి కూడా పిల్లి జాతిదే.

మధ్యప్రదేశ్‌లో కెన్ నది పక్కన పన్నా టైగర్ రిజర్వ్ ఉంది. అక్కడి పులులు ఒక్కొక్కటే మాయమవుతున్నాయని రఘు చుండావత్ అనే శాస్త్రవేత్త ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. అటవీశాఖ లెక్కల్లో మాత్రం పులులు నిక్షేపంగా ఉండేవి. 2009 వచ్చేసరికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. అంతకుముందే రాజస్థాన్‌లోని సరిస్కాలోనూ ఇదే జరిగింది.

ఆ ఏడాది మార్చిలో బాంధవ్‌గఢ్ నుంచి ఒక ఆడపులిని, కాన్హా నుంచి ఇంకోదాన్ని తెచ్చి పన్నాలో వదిలారు. టీ-1, టీ-2 అన్నారు వాటిని. నవంబరులో పెంచ్ అడవి నుంచి మగపులి వచ్చింది. అది టీ-3. పెళ్లికొడుకు కూడా వచ్చేశాడు, ఇంకేం కావాలి అనుకున్నారంతా.

పెళ్లికొడుకు కొన్నాళ్లు ఉన్నట్టే ఉండి అడవి దాటేశాడు. మెడకు రేడియో కాలర్ ఉంది కాబట్టి ఎటు పోతున్నాడో తెలుస్తోంది. దక్షిణం వైపు. అంటే పెంచ్ వైపు. సొంతూరికి! బోనులో పెట్టి తెచ్చిన జంతువు, వచ్చేటప్పుడు దారి చూసిందీ లేదు, గుర్తులు పెట్టుకుందీ లేదు.

అప్పటి పన్నా ఫీల్డ్ డైరెక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి, 70 మంది దాకా సిబ్బంది, 4 ఏనుగులు దాని వెంట పడ్డారు. చేలు, ఊళ్లు, రోడ్లు. అది పొదలో పడుకుంటే వీళ్లూ ఆగాలి, లేచి నడిస్తే వీళ్లూ నడవాలి. అలా నెల రోజులు, 440 కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఇంత దూరంలో ఏ మనిషి జోలికీ పోలేదు. చివరికి డిసెంబరు 25న దమోహ్ జిల్లా అడవిలో మత్తు ఇచ్చి పట్టుకుని వెనక్కి తెచ్చారు.

తెచ్చారు సరే, మళ్లీ పోతే? అదీ టెన్షన్. అప్పుడు చేసిన పని వింటే నవ్వొస్తుంది. ఆడపులి మూత్రం తెప్పించి అడవిలో చెట్లకు చల్లారు. పులులకు ఉత్తరాలంటే అవే. ఇక్కడ ఎవరున్నారు, ఆడా మగా, తోడు కోసం చూస్తోందా, అన్నీ ఆ వాసనలోనే తెలిసిపోతాయి. టీ-3 వాసన పట్టింది, ఆగిపోయింది. 2010 ఏప్రిల్‌లో టీ-1 నాలుగు పిల్లల్ని పెట్టింది. ఆ తర్వాత కాన్హాలో తల్లి పోయి మనుషుల చేతిలో పెరిగిన ఆడపులి టీ-4ను కూడా తెచ్చి వదిలితే, అదీ వేట నేర్చింది, పిల్లల్ని కన్నది. ఇప్పుడు పన్నాలో పులులు 50 దాటాయి.

మరి మొదట పులులను పోగొట్టిన వేటగాళ్ల ఉచ్చుల సంగతి? అక్కడ పార్ధీలని తరతరాలుగా వేట మీద బతికిన తెగ ఉంది. వాళ్ల పిల్లలకు హాస్టళ్లు పెట్టారు. ఆ కుర్రాళ్లు కొందరు ఇప్పుడు టూరిస్టులను వెంటబెట్టుకుని అడవి చూపిస్తున్నారు. ఏ జంతువు ఎటు పోయిందో అడుగుజాడ చూసి చెప్పే విద్య వాళ్లకు ఇంట్లోనే ఉంది కదా. పులిని తేవడం కన్నా ఇదే కష్టమైన పని అని నాకనిపిస్తుంది.

ఇంకొక్క మాట. టీ-3ని పట్టి తెచ్చిన రోజుకు సరిగ్గా పదిహేనేళ్లకు, 2024 డిసెంబరు 25న, కెన్-బెత్వా నదుల అనుసంధానానికి శంకుస్థాపన చేశారు. దౌధన్ దగ్గర ఆనకట్ట లేస్తే పన్నా అడవిలో కొంత భాగం నీళ్ల కిందికి పోతుంది. కరువు ప్రాంతమైన బుందేల్‌ఖండ్‌కు నీళ్లూ కావాలి, కాదనలేం. పులులు ఆ ఒడ్డు నుంచి ఎటు నడుస్తాయో కాలర్ల సిగ్నళ్లు చూసుకుంటూ కూర్చోవాలి మళ్లీ.

సెలవు.