రియోకు వెళ్లేవారు వలోంగో రేవును చూసి రండి

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గ సభ్యులకు, విచ్చేసిన పెద్దలందరికీ నమస్కారం.

రియో డి జనీరోలో చూడదగ్గ ప్రదేశాల గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. కొర్కొవాడో కొండ మీద 1931 నుంచి నిలిచి ఉన్న క్రీస్తు విగ్రహం గురించి, 1912లోనే తీగమార్గం వేసిన షుగర్‌లోఫ్ శిఖరం గురించి మీకు తెలిసే ఉంటుంది. అవి నిజంగానే చూసి తీరవలసినవి. అయితే నాకిచ్చిన సమయాన్ని పాత ఓడరేవు ప్రాంతంలోని వలోంగో రేవుకే వినియోగించుకోవడానికి అనుమతించండి.

ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన మనుషులను దింపడానికి 1811లో ఆ రేవును కట్టారు. అక్కడ దిగినవారు సుమారు 9 లక్షల మంది ఉంటారని అంచనా. 1843లో బ్రెజిల్ మహారాణి తెరేజా క్రిస్తీనా రాక కోసం ఆ రాళ్ల మీదే కొత్త రాళ్లు పరిచి, దానికి మహారాణి రేవని పేరు పెట్టారు; 1911లో ఆ రేవునూ పూడ్చేశారు. 2016 ఒలింపిక్స్‌కు ముందు ఆ ప్రాంతాన్ని బాగుచేసే పనులు సాగుతుండగా, 2011లో ఆ రెండు రేవులూ ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. యునెస్కో 2017లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వీధి మట్టానికి దిగువన ఉన్న ఆ స్థలం అంచున నిలబడితే, పైవరసలో చదునుగా చెక్కిన మహారాణి రాళ్లు, వాటి కింద ఎగుడుదిగుడుగా పేర్చిన పాత రాళ్లు దేనికవి స్పష్టంగా కనిపిస్తాయి. నేను చాలాసేపు ఆ కింది రాళ్లనే చూస్తూ ఉండిపోయాను. తవ్వకాల్లో పూసలు, గవ్వలు, తాయెత్తులు దొరికాయి. ఏ తల్లి ఏ బిడ్డకు కట్టిన తాయెత్తులో అవి, ఆలోచించండి!

అమ్ముడుపోకముందే ప్రాణం విడిచినవారిని సమీపంలోని గోతుల్లో వేసేవారు. 1996లో గాంబోవాలో ఒక కుటుంబం ఇల్లు బాగుచేయించుకుంటూ నేల తవ్విస్తే వారి ఎముకలు బయటపడ్డాయి. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక మ్యూజియం. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో; అమెరికా ఖండాల్లో ఆ పని అందరికన్నా ఆలస్యంగా చేసిన దేశం అదే.

నా బాధ ఒక్కటే. మా బృందాన్ని తీసుకెళ్లిన ప్రయాణ సంస్థ జాబితాలో, 2015లో తెరిచిన అందమైన 'రేపటి మ్యూజియం' ఉంది గానీ, అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే వలోంగో లేదు. ఎందుకు లేదని అడిగితే, అక్కడ ఫొటో తీసుకోవడానికి ఏముందని ఎదురు ప్రశ్నించారు. రెండుసార్లు పూడ్చిన రేవును ఇలాంటి జాబితాలు మళ్లీ పూడుస్తున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ సభలో యాత్రలు ఏర్పాటు చేసే మిత్రులూ ఉన్నారు. అయ్యా, మీకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను, రియోలో ఒక్క పూట దీనికి కేటాయించండి. మావా కూడలిలో దిగి, రాతిలోనే మెట్లు చెక్కిన పెద్రా దో సాల్ మీదుగా వలోంగోకు, అక్కడి నుంచి గాంబోవా ఇంటికి మీ యాత్రికులను నడిపించుకు వెళ్లండి. రేవు వీధి పక్కనే ఆరుబయట ఉంది, దాన్ని చూడటానికి టిక్కెట్టు కూడా అక్కరలేదు.