ఖో ఇచ్చి కూర్చోవడం: అనంతపురం మైదానం నుంచి ఒక సంభాషణ

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఈ వారం అనంతపురంలో ఉన్నాను. ఈ జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లలకు ఖోఖో నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయులు నా ఎదురుగా కూర్చున్నారు. పదవీ విరమణ చేశాక కూడా పొద్దున్నే మైదానానికి వెళ్తున్నారు. తన పేరు, పిల్లల పేర్లు చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని ఈ సంభాషణలో ఆయన మనకు పీఈటీ సారే. నమస్కారం సార్.

సార్: నమస్కారం అమ్మా.

వ్యాఖ్యాత: సార్, నేను ఆఫీసులో పదకొండు మంది పనిని చూసుకుంటాను. నాయకత్వం మీద పెట్టే శిక్షణ తరగతులకు చాలాసార్లు వెళ్లాను. పిల్లలకు ఆట నేర్పినవారికి ఈ విషయంలో ఏం తెలిసిందో వినాలని వచ్చాను.

సార్: ముందు ఆట ఎలా ఉంటుందో చెప్పనివ్వు, మిగతాది అందులోనే ఉంది. ఖోఖోలో తరిమేవాళ్లు తొమ్మిది మంది. ఎనిమిది మంది వరుసగా గళ్లలో కూర్చుంటారు, ఒకరు ఇటు చూస్తూ, పక్కవాళ్లు అటు చూస్తూ. పరుగెత్తేది తొమ్మిదో మనిషి ఒక్కతే. ఆమె ఒక దిక్కు పట్టిందంటే వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. తిరిగి రావాలంటే చివర ఉన్న స్తంభం చుట్టి రావాలి. తప్పించుకునే పిల్లకు ఈ కట్టుబాట్లేవీ లేవు. కూర్చున్నవాళ్ల మధ్య ఎటైనా దూరిపోవచ్చు. అంటే ఎంత వేగం ఉన్నా ఒక్కతే పరుగెత్తి పట్టుకోవడం దాదాపు కుదరదు. కూర్చున్న పిల్ల వీపు తాకి, గట్టిగా ‘ఖో’ అని, తను ఆ గడిలో కూర్చోవాలి. పరుగు ఆమెకు అప్పగించేయాలి.

వ్యాఖ్యాత: పిల్లలకు కష్టంగా ఉండేది పరుగెత్తడమా, కూర్చోవడమా?

సార్: కూర్చోవడమే. సందేహం లేదు. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. గొర్రెల వెంట తిరిగి పెరిగిన పిల్ల, ఆ వేగం నేను మళ్లీ చూడలేదు. కానీ ఖో ఇచ్చేది కాదు. ఇంకొక్క అడుగు వేస్తే అందుతుంది, ఇంకొక్క అడుగు అనుకుంటూ ఆయాసం వచ్చేదాకా లాగి, అప్పుడు ఇచ్చేది. అప్పటికి తప్పించుకునే అమ్మాయి అటు చివర హాయిగా నిలబడి ఉండేది. ఆమెకు స్వార్థం ఉందని నేను చాలాకాలం అనుకున్నాను. అది తప్పు. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకుంటారనే నమ్మకం ఆమెకు కలిగించనిది నేను.

వ్యాఖ్యాత: మీరా? అదెలా?

సార్: నేను గీత బయట నిలబడి అన్నీ అరిచి చెప్పేవాడిని. ‘ఇప్పుడు ఖో ఇవ్వు’, ‘కుడికి వెళ్లు’, ‘లేవకు’. సాధనలో బాగానే నడిచేది. ఒకసారి జిల్లా పోటీల్లో పక్క కోర్టులో కూడా ఆట జరుగుతోంది. డప్పులు, కేకలు. నా గొంతు వాళ్లకు అందలేదు. కూర్చున్న ఎనిమిది మందిలో ఐదుగురు ఎదుటి జట్టును చూడడం మానేసి నా పెదవులను చూస్తున్నారు! ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆ రోజు ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు ఏడుస్తున్నారు. నేను వాళ్లకు ఆట నేర్పలేదు, నా మాట వినడం ఒక్కటే నేర్పాను అని నాకు అక్కడ అర్థమైంది.

వ్యాఖ్యాత: తర్వాత ఏం మార్చారు?

సార్: వారం రోజులు విజిల్ జేబులో పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాను. నేను మాట్లాడను, మీరే ఆడండి అన్నాను. మొదటి రెండు రోజులు అందరూ నా వైపే చూశారు. మూడో రోజు పోట్లాడుకున్నారు, మాటలు గట్టిగానే అనుకున్నారు. లేచి వెళ్దామని సగం లేచాను కూడా. మళ్లీ కూర్చున్నాను. ఆ వారంలో నేను చేసిన కష్టమైన పని అదే. నాలుగో రోజు గడిలో కూర్చున్న ఒక పిల్ల, పెద్దగా ఎవరి కంటా పడని పిల్ల, పక్కవాళ్లకు మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ‘ఆమె ఎప్పుడూ ఎడమకే తిరుగుతోంది, నువ్వు సిద్ధంగా ఉండు’ అని. నాకు కనిపించనిది ఆమెకు కనిపిస్తోంది. ఎందుకంటే తను కోర్టు మధ్యలో కూర్చుని ఉంది, నేను చెట్టు కింద ఉన్నాను.

వ్యాఖ్యాత: ఆమెనే కెప్టెన్‌ను చేశారా?

సార్: చేశాను. అయితే ఆ ఒక్క మాట చూసి కాదు. మన నేల సంగతి నీకు తెలుసు కదా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఎర్ర మట్టి, రాళ్లు. రోజూ ఆటకు ముందు పావుగంట రాళ్లు ఏరేవాళ్లం, నేను కూడా వంగి ఏరేవాడిని. చాలామంది తాము కూర్చునే గడిలో రాళ్లు తీసుకుని ఊరుకునేవారు. ఆ పిల్ల పక్క గళ్లలోవి కూడా తీసేది, ఆలస్యంగా వచ్చేవాళ్ల గడి కూడా శుభ్రం చేసేది. ఎవరూ చెప్పలేదు. అది రెండేళ్లుగా నా కళ్ల ముందు జరుగుతున్నా నేను చూసింది స్టాప్‌వాచ్‌నే.

వ్యాఖ్యాత: మీరు చెబుతుంటే నాకు స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ గుర్తొస్తున్నాడు. ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామంలో 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ కేంద్రం మొదలైనప్పుడు స్వయంగా ఈ ఊరికి వచ్చాడు కదా.

సార్: వచ్చాడు. ఆయనకు చిన్నప్పటి నుంచి ఆట నేర్పింది సొంత బాబాయి టోనీ. సాధన అయ్యాక కోర్టు ఊడవడం నాదల్ పనే అనేవాడట ఆయన. రాకెట్ విసిరికొడితే ఇక నేర్పనని కూడా చెప్పాడు. ఆ సంగతి చదివినప్పుడు మా రాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. 1969లో ఫాదర్ ఫెర్రర్ ఈ కరువు నేలకు వచ్చి మొదలుపెట్టిన ఆ ఆర్డీటీ వల్ల ఇక్కడ మంచి మైదానాలు వచ్చాయి, 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ కూడా జరిగింది. సంతోషమే. కానీ పచ్చిక మైదానంలో కూడా ఏరడానికి ఏదో ఒకటి ఉండాలి. పిల్ల తన గడి దాటి ఆలోచిస్తుందా లేదా అనేది అక్కడే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: మరి వేగం ఉన్న అమ్మాయి? కెప్టెన్ పదవి దక్కలేదని బాధపడలేదా?

సార్: రెండు వారాలు నాతో మాట్లాడలేదు. నేనే పిలిచి కారణం చెప్పాను. తర్వాత సాధనలో అందరికీ ఒక నియమం పెట్టాను. మూడు గళ్లు దాటేలోపు ఖో ఇచ్చి తీరాలి, ఎదుటి పిల్ల చేతికి అందేంత దగ్గర ఉన్నా సరే. మొదట విసుక్కుంది. నెల తిరిగేసరికి తను ఇచ్చిన ఖోతో ఇంకొకరు ఔట్ చేస్తే ఆ అమ్మాయే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది.

వ్యాఖ్యాత: కోపం వచ్చేది కాదా మీకు?

సార్: వచ్చేది. ఒక పిల్ల నెమ్మదిగా పరుగెత్తుతోందని అందరి ముందూ సోమరిపోతు అన్నాను. ఆమె ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. తల్లి తెల్లవారకముందే వేరుశనగ పీకడానికి కూలికి వెళ్లింది. ఈ సంగతి నాకు చెప్పింది తోటి పిల్లలు. అప్పటి నుంచి నానబెట్టిన వేరుశనగ గింజలు, బెల్లం ముక్క మైదానంలో పెట్టాను. మందలించే ముందు ‘ఏం తిన్నావు’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. నెలసరి సంగతులు నాతో చెప్పుకోలేరు కాబట్టి ఒక టీచరమ్మను సాయం అడిగాను. ఇవాళ రానని పిల్ల ఆమెకు చెబితే చాలు, నేను కారణం అడిగేవాడిని కాదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు తల్లిదండ్రుల ఆలోచన మారిందా? 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

సార్: కొందరిలో మారింది. మా పాపను కూడా క్రికెట్‌లో చేర్చాలా సార్ అని అడుగుతున్నారు. ముందు ఏదో ఒక ఆట ఆడనివ్వండి అంటాను.

వ్యాఖ్యాత: ఇన్నేళ్లలో సరిదిద్దుకోలేకపోయింది ఏదైనా ఉందా సార్?

సార్: ఉంది. ఆ రోజుల్లో జట్టుకు పన్నెండు మంది. సాధనకు పదిహేను మంది వచ్చేవారు. పోటీకి ముందు రోజు సాయంత్రం పేర్లు కాగితం మీద రాసి గోడకు అంటించి ఇంటికి వెళ్లిపోయేవాడిని. పేరు లేనివాళ్ల ముఖం చూడడం ఇష్టం లేక అలా చేసేవాడిని, నిజం చెప్పాలంటే. ఒక ఏడాది అలా పేరు లేని అమ్మాయి మర్నాటి నుంచి మైదానానికి రాలేదు. నేను కూడా వెతకలేదు. పదేళ్ల తర్వాత బస్టాండులో చంకలో బిడ్డతో కనిపించింది. నమస్కారం పెట్టి, క్షేమ సమాచారాలు అడిగి, ఆ తర్వాత అడిగింది. ‘సార్, నా పేరు ఎందుకు తీసేశారు?’

వ్యాఖ్యాత: పదేళ్ల తర్వాత!

సార్: పదేళ్ల తర్వాత. నాకు కారణం గుర్తుంది. స్తంభం దగ్గర తిరిగేటప్పుడు కాలు జారేది, ఒక్క నెల సాధన చేస్తే పోయే లోపం. అదే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ‘అంతేనా సార్? నేను అసలు ఆటకే పనికిరానని అనుకున్నాను’ అంది. ఇంతలో ధర్మవరం బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

వ్యాఖ్యాత: మీరు ఇప్పుడు జాబితా ఎలా ప్రకటిస్తున్నారు?

సార్: గోడకు అంటించడం మానేశాను. పేరు లేని పిల్లల ఇళ్లకు ముందు రోజే వెళ్తాను. తల్లిదండ్రుల ఎదుట కూర్చుని ఏది బాగుందో, ఏది కుదరలేదో, దానికి ఎన్ని రోజులు పడుతుందో చెబుతాను. మర్నాడు పొద్దున ఐదున్నరకు రమ్మని చెప్పి వస్తాను. పోటీకి వెళ్లే జట్టు బస్సెక్కాక, మిగిలిన పిల్లలకు మైదానంలో నా పాత విద్యార్థి ఒకరు సాధన చేయిస్తారు. ఆ రాళ్లు ఏరే అమ్మాయే.