పాప ఊ కొట్టే వరకూ

శ్రోతలకు నమస్కారం.

కథ చెప్పేటప్పుడు పిల్లల్ని ఊ కొట్టమంటాం. ఊ ఆగిందంటే నిద్రలోకి జారుకున్నారని తెలుస్తుంది. ఇవాళ ఆ ఊ గురించే మాట్లాడతాను. కథలు వినే వయసు పిల్లలది కాదు, ఏడాదైనా నిండని పాపాయిలది.

ముందు ఒక చిన్న సంగతి. 'పాత' అంటే ఒకటి, 'పాట' అంటే ఇంకొకటి. త వేరు, ట వేరు. మనకిది తెలుసుకోవాల్సిన విషయంగా కూడా తోచదు. కానీ ఇంగ్లీషు ఒక్కటే వింటూ పెరిగిన పెద్దవాళ్ళకి ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. వాళ్ళింట్లో పుట్టిన ఆరేడు నెలల పాపకి మాత్రం సులువుగా దొరుకుతుంది! కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు హిందీలోని త, ట లాంటి ధ్వనులతో పరీక్షించి 1984లో ఈ సంగతి ప్రచురించారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ నేర్పు పోతోంది. చుట్టూ ఎవరూ పలకని ధ్వనిని చెవి మెల్లగా వదిలేస్తోందన్నమాట.

సరిగ్గా ఆ వయసులో పాపకి కొత్త భాష వినిపిస్తే? నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇక్కడే మొదలవుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లల్ని ఎంచుకుంది. ఇళ్ళలో ఇంగ్లీషు తప్ప మరో మాట వినని పిల్లలు. చైనా భాష మాట్లాడేవాళ్ళు వచ్చి, పిల్లలతో పాటు నేల మీద కూర్చుని, బొమ్మలు ఆడించారు, పుస్తకాలు చదివారు. పాప కళ్ళలోకి చూస్తూ, తల ఎటు తిప్పితే అటు తాము తిరుగుతూ మాట్లాడారు. ఒక్కోసారి 25 నిమిషాలు. అలా మొత్తం 12 సార్లు. అంతా కలిపితే అయిదు గంటలే.

ఆ తర్వాత, మన ఛ, శలకు కాస్త దగ్గరగా ఉండే రెండు చైనా ధ్వనులు వినిపించారు. ధ్వని మారినప్పుడు పాప తల తిప్పుతోందా లేదా అని చూశారు. తిప్పారు. తైవాన్‌లో పుట్టినప్పటి నుంచీ ఆ భాష వింటున్న పిల్లలతో సమానంగా తిప్పారు. అయిదు గంటలకే!

అసలు సంగతి ఇక ముందుంది. మరికొంతమంది పిల్లలకి అదే పాఠం వీడియోలో చూపించారు. అవే గొంతులు. అవే బొమ్మలు. అవే పుస్తకాలు. అంతే సేపు. ఇంకొందరికి గొంతు మాత్రమే వినిపించారు. తెర చూసినవాళ్ళకీ రాలేదు, గొంతు విన్నవాళ్ళకీ రాలేదు. అసలు ఆ భాష వినని పిల్లలకీ వీళ్ళకీ తేడా లేదు. 2003లో వచ్చిన ఈ ఫలితం గురించి చదివిన రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తెరలో లేనిదేమిటి? పాప నవ్వితే తెర తిరిగి నవ్వదు. పాప ఉంగా అంటే తెర ఆగదు. అదే వీడియో కాల్‌లో, అవతలి మనిషి పిల్లకు బదులిస్తూ మాట్లాడితే, రెండేళ్ళు దాటిన పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారని 2014లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది. ఏడాది లోపు పిల్లలకి తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో సూచించింది.

అందుకే పాపాయి ముందు అదేపనిగా మాట్లాడుతూ పోతే చాలదని నా అభిప్రాయం. నా మనవరాలి దగ్గర నేను చేసిన పొరపాటు అదే. మాటలు ఎంత వింటే అంత మంచిదని ఎడతెగకుండా చెప్పేదాన్ని. ఒకరోజు దగ్గొచ్చి ఆగాను. ఆ నిశ్శబ్దంలో అది నా నోటి వైపే చూసి, పెదాలు కదిపి, కాసేపటికి "ఊఁ" అంది. అన్నాళ్ళూ దానికి నేను సందివ్వలేదు.

కాబట్టి ఇవాళ మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మాట అన్నాక ఆగండి. "స్నానం చేద్దామా?" అని అడిగి, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. మనకది దీర్ఘంగా అనిపిస్తుంది, పాపకి కాదు. కాలు ఆడిస్తుంది, కళ్ళు పెద్దవి చేస్తుంది, ఏదో కూస్తుంది. అదే జవాబు. "చేద్దామంటావా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి" అని అందుకోండి. మళ్ళీ ఆగండి.

ఒక్కోసారి మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. అదీ జవాబే, ఇక చాలని. అప్పుడు ఇంకో బొమ్మ ఊపి పిలవకండి. కాసేపటికి అదే మీ వైపు తిరుగుతుంది.

సెలవు.